తెలివైన పిల్లలకు మన బడి ఏం పని పెడుతోంది?

మన ఆశ్రమ పాఠశాలల్లో ప్రతిభ అనే మాట ఏడాదికి రెండుసార్లు వినిపిస్తుంది. ఏదో ఒక ఎంపిక పరీక్షకు దరఖాస్తులు పంపమని కాగితం వచ్చినప్పుడు ఒకసారి, పదో తరగతి ఫలితాలు వచ్చి బడి గేటుకు ఫ్లెక్సీ కట్టినప్పుడు ఇంకోసారి. మిగిలిన రోజుల్లో ఆ మాటకు పని ఉండదు. ఆ పిల్లలు మాత్రం మిగిలిన రోజులన్నీ తరగతిలోనే ఉంటారు. లెక్క అందరికంటే ముందు చేసేసి, నోటుబుక్కు మూసి, కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటారు. మేము మాట్లాడదలుచుకున్నది ఆ కిటికీ దగ్గరి పిల్లల గురించి.

తొందరగా ముగించిన పిల్లకు మన బడుల్లో దొరికే పనులు అందరికీ తెలిసినవే. అదే అభ్యాసంలోంచి ఇంకో పది లెక్కలు. లేదంటే క్లాస్ లీడర్ పదవి. లేదంటే వెనకబడిన పిల్లలకు చెప్పే బాధ్యత. కొన్నిచోట్ల మార్కుల లిస్టులు కూడటం, ఆన్‌లైన్‌లో వివరాలు నింపే సార్‌కు పక్కన నిలబడి ఆధార్ నంబర్లు చదివి చెప్పడం. ఆడపిల్ల అయితే ఇవి కాక చిన్న తరగతుల పిల్లలకు జడలు వేయడం. వీటిలో తోటివారికి చెప్పడం కొంతవరకు మంచిదే. ఒక సంగతిని ఇంకొకరికి గోండిలోనో కొలామీలోనో విడమరిచి చెప్పాలంటే చెప్పేవారికి అది ఇంకా బాగా తెలియాలి. రోజూ అదే పని అయితే మాత్రం ఆ పిల్ల జీతం లేని పంతులమ్మ అవుతుంది, తాను కొత్తగా నేర్చుకునేది ఏమీ ఉండదు. ఇక ఇంకో పది లెక్కల సంగతి. ఎద్దు బాగా దున్నిందని పక్కవాడి చేను కూడా దున్నించినట్టు ఉంటుంది అది. పిల్లలు దీన్ని తొందరగానే కనిపెడతారు. రెండు వారాలు తిరిగేసరికి మెల్లగా చేయడం నేర్చుకుంటారు.

డి.ఎడ్. చదివిన మనందరికీ మనోవిజ్ఞానం పుస్తకంలో ప్రతిభావంతుల పాఠం గుర్తుండే ఉంటుంది. ప్రజ్ఞాలబ్ధి ఇంత కంటే ఎక్కువ ఉన్నవారు ప్రతిభావంతులు, వారి లక్షణాలు ఇవి, వారికి చేయవలసినవి ఇవి అని. చేయవలసినవాటిలో పై తరగతికి పంపడం, అదనపు విషయాలు నేర్పడం, వేరే జట్టుగా కూర్చోబెట్టడం ఉంటాయి. ఆ పాఠం రాసినవారి మనసులో ఒక క్రమం ఉంది. ముందు పరీక్ష పెట్టి ప్రతిభావంతుణ్ణి కనిపెట్టాలి, ఆ తర్వాత అతనికి కష్టమైన పని ఇవ్వాలి. మాకు ఈ క్రమం దగ్గరే పేచీ. మన గూడేల బడుల్లో ఇది తలకిందులుగా జరగాలని మా వాదన. కష్టమైన ప్రశ్న ముందు అందరికీ వేయాలి. ఎవరు ఏ సబ్జెక్టులో లేచి కూర్చుంటారో అప్పుడు చూడాలి.

ఇలా అనడానికి మనకున్న కారణాలు తర్వాత. ఎంపిక పరీక్షలను నమ్ముకున్న దేశంలోనే ఏం జరిగిందో ముందు చూద్దాం. అమెరికాలోని కాలిఫోర్నియాలో లూయిస్ టర్మన్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1921లో పిల్లలకు ప్రజ్ఞా పరీక్షలు పెట్టి, ఎక్కువ వచ్చిన పదిహేను వందల మంది దాకా ఎంచుకుని వారి జీవితాలను దశాబ్దాల తరబడి గమనించే పని మొదలుపెట్టాడు. ఆ పరీక్ష రాసి, మార్కు చాలక బయట మిగిలిపోయిన పిల్లల్లో ఇద్దరున్నారు. ఒకరు విలియం షాక్లీ, ఇంకొకరు లూయిస్ అల్వారెజ్. ట్రాన్సిస్టర్ పని మీద షాక్లీకి 1956లో, కణ భౌతికశాస్త్రంలో చేసిన పనికి అల్వారెజ్‌కు 1968లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎంపికైన అంతమందిలో ఒక్కరికీ నోబెల్ రాలేదు. పరీక్ష రాసినవారి ఇంటిభాషలోనే పెట్టిన పరీక్ష అలా జారవిడిచింది.

మన పిల్లలు ఐదో తరగతిలో నవోదయ పరీక్ష రాస్తారు. రెండు గంటల్లో 80 ప్రశ్నలు. బొమ్మల ప్రశ్నలు, లెక్కలు, చదివి జవాబు గుర్తించే భాషా భాగం. తెలుగులో రాయవచ్చు, గోండిలోనో కోయలోనో సవరలోనో రాయడానికి లేదు. ఇంట్లో కొలామీ, బడిలో తెలుగు, ఇప్పుడు పాఠ్యపుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు ఉన్న పదేళ్ల పిల్లవాడు ప్రశ్న అర్థం చేసుకునేలోగా నిమిషంన్నర అయిపోతుంది. ఎనిమిదో తరగతిలో జాతీయ ఉపకార వేతన పరీక్ష ఒకటి ఉంది, ఎంపికైతే ఏడాదికి 12,000 రూపాయల చొప్పున నాలుగేళ్లు ఇస్తారు. ప్రభుత్వమే వసతి, భోజనం పెట్టి చదివించే పాఠశాలల పిల్లలు దానికి అర్హులు కారన్నది నిబంధన. తిండి పెడుతున్నాం కదా, డబ్బులెందుకు అన్నది లెక్క కావచ్చు. డబ్బు సంగతి అలా ఉంచినా, ఆ పరీక్షలోని తర్క ప్రశ్నల కోసం ఎనిమిదో తరగతి పిల్లలు ఏడాదంతా బుర్రకు పని పెట్టే అవకాశం ఉంది. అర్హత లేదు కనుక మన హాస్టల్ బడుల్లో ఆ పుస్తకం కూడా కొనరు.

మలావత్ పూర్ణ పేరు మన పిల్లలందరికీ తెలుసు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కేనాటికి ఆమె వయసు 13 సంవత్సరాల 11 నెలలు. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న పిల్ల. ఆమెలోని ఆ శక్తిని రెండు గంటల్లో 80 ప్రశ్నలతో కనిపెట్టే పరీక్ష ఏదైనా ఉందా? ముందు కొండ ఎక్కించారు, భువనగిరి బండ నుంచి మొదలుపెట్టి. ఎక్కుతుంటే తెలిసింది. మన వాదన కూడా అంతే. కాకపోతే ఆటల విషయంలో ఒప్పుకునే ఈ మాటను లెక్కల విషయంలో, సైన్సు విషయంలో, తెలుగు విషయంలో ఎవరూ ఒప్పుకోరు.

ఆరో తరగతి లెక్కల్లో సరి, బేసి సంఖ్యలుంటాయి. రెండుతో నిశ్శేషంగా భాగించబడితే సరి, లేకపోతే బేసి. పిల్లలు అప్పజెప్పేస్తారు. అక్కడితో పాఠం ముగుస్తుంది. అదే పాఠంలో వెదురు బద్దలు తెచ్చి ఒక ప్రశ్న వేయవచ్చు. గుండ్రటి బుట్టకు నిలువు బద్దలు ఎన్ని పెట్టాలి? ఒకే ఒక అడ్డబద్దను ఒక నిలువు బద్ద పైనుంచి, తర్వాతి దాని కిందినుంచి అల్లుకుంటూ చుట్టూ తిప్పాలి. నిలువు బద్దలు 12 ఉంటే, రెండో చుట్టు మొదలయ్యేసరికి పైన ఉన్నచోట మళ్లీ పైనే, కింద ఉన్నచోట మళ్లీ కిందే వస్తుంది, అల్లిక బిగుసుకోదు. 13 ఉంటే రెండో చుట్టులో పైది కిందికి, కిందిది పైకి మారుతుంది. నిలువు బద్దలు సరి సంఖ్యలోనే ఉండాలంటే అప్పుడేం చేయాలి? మేము ఈ ప్రశ్న వేసిన తరగతిలో, తెలుగు చదవడంలో వెనకబడ్డాడని చివరి వరుసలో కూర్చోబెట్టిన కొలాం పిల్లవాడు ఒకడున్నాడు. రెండు అడ్డబద్దలు పెట్టి, ఒకదాని వెనక ఒకటి ఒక్క బద్ద తేడాతో నడిపించాలని చేసి చూపించాడు. నోటితో చెప్పలేదు, చేత్తో చూపించాడు. మరి 13 బదులు 15, 17 అయినా ఎందుకు పనిచేస్తుంది అని అడిగితే కాసేపు ఆలోచించి, ఒకటి మిగలాలి సార్ అన్నాడు. పాఠ్యపుస్తకం నిర్వచనం అదే. అంతకుముందు యూనిట్ టెస్టులో ఆ నిర్వచనం రాయలేక సున్నా తెచ్చుకున్న పిల్లవాడు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ప్రతిభ గల పిల్లల గురించి మాట్లాడితే తోటి ఉపాధ్యాయులు ఎప్పుడూ ఒకే అభ్యంతరం చెబుతారు. సగం మందికి చదవడం రాదు, ముందు వాళ్ల సంగతి చూడాలి కదా అని. 2022లో తొలిమెట్టు, ఆ మరుసటి ఏడాది ఉన్నతి వచ్చాక ఈ మాట ఇంకా పెరిగింది. ఆ కార్యక్రమాలు అవసరం లేదని మేము అనడం లేదు. అక్షరం రాని పిల్లకు అక్షరం రావలసిందే. కానీ ఆ అభ్యంతరం వెనక ఒక ఊహ ఉంది. చదవడం రాని పిల్ల వేరు, ప్రతిభ గల పిల్ల వేరు అని. బుట్ట అల్లిన ఆ పిల్లవాడు ఏ జాబితాలోకి వస్తాడు? స్థాయి పరీక్షలో అతన్ని ఒక గడిలో రాసి, ఆ గడికి తగిన సులువైన పని మాత్రమే ఇస్తూ పోతే, అతనికి అక్షరాలతో పాటు విసుగు కూడా వస్తుంది. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి పత్తి ఏరడానికి పోతాడు. బడి మానేసిన పిల్లల్లో మందబుద్ధులే ఉన్నారనుకోవడానికి మన దగ్గర ఏ ఆధారమూ లేదు. మానేసినవాళ్లను గూడెంలో చూస్తే చాలాసార్లు అందుకు విరుద్ధంగానే అనిపిస్తుంది. ట్రాక్టరు ఇంజను విప్పి బిగించేది, గ్రామసభలో అటవీ హక్కుల చట్టం సెక్షన్లు నోటికి చెప్పేది వాళ్లే.

ఇంకొక చోట కథ ఇంకా లోతుకు పోయింది. అందుకే కొంచెం వివరంగా చెబుతాం.

పదో తరగతి జీవశాస్త్రంలో అనువంశికత పాఠం ఉంది. మెండల్, బఠానీ మొక్కలు, పొడవు, పొట్టి. పబ్లిక్ పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న కనుక గళ్ల పట్టికను పిల్లలు బట్టీ పట్టేస్తారు. అదే తరగతి గణితంలో సంభావ్యత పాఠం ఉంది. నాణెం, పాచిక, సంచిలో ఎర్ర బంతులు. రెండు పాఠాలను రెండు నెలల తేడాతో ఇద్దరు సార్లు చెబుతారు. అది రెండుసార్లు చెప్పిన ఒకే లెక్క అని ఎవరూ చెప్పరు. అదే బడికి ఏఎన్ఎమ్ వచ్చి సికిల్ సెల్ పరీక్షకు రక్తం తీసుకుపోతుంది. 2023 జూలైలో జాతీయ స్థాయి కార్యక్రమం మొదలయ్యాక ఇది మన ప్రాంతాల్లో అందరికీ తెలిసిన పరీక్ష. పిల్లల చేతికి కార్డులు వస్తాయి. ఈ మూడింటినీ ఒక దగ్గర పెట్టి పదో తరగతిలో ఒక వారం గడపవచ్చని మాకు అనిపించింది.

తల్లి, తండ్రి ఇద్దరూ వాహకులు, అంటే జబ్బు లేకుండా ఆ జన్యువు మాత్రం ఉన్నవారు. పుట్టే బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి, వాహకం అయ్యే అవకాశం నాలుగింట రెండు, ఏదీ లేకపోయే అవకాశం నాలుగింట ఒకటి. బఠానీ పట్టికే ఇది. ఇక్కడిదాకా అందరూ చేశారు. తర్వాతి ప్రశ్న వేశాం. ఆ ఇంట్లో నలుగురు పిల్లలుంటే ఒకరికి తప్పకుండా జబ్బు ఉంటుందా? తరగతిలో దాదాపు అందరూ ఉంటుందన్నారు. ఊళ్లో పెద్దవాళ్లు కూడా అలాగే అనుకుంటారు. ఒకరికి వచ్చింది, ఇక మిగిలినవారికి భయం లేదు అనే మాట మనం విన్నదే. ప్రతి కాన్పుకూ లెక్క మొదటినుంచి మొదలవుతుందని తేలాక, నలుగురిలో ఒక్కరికీ రాకపోయే అవకాశం ఎంత అని అడిగాం. ఇది పాఠ్యపుస్తకం దాటిన లెక్క. నాలుగింట మూడును నాలుగుసార్లు గుణించాలి. 256లో 81 వస్తుంది, అంటే మూడో వంతు కంటే కొంచెం తక్కువ. ఇద్దరు పిల్లలు అది పట్టుకున్నారు. వారిలో ఒకరు క్లాసులో మొదటి ర్యాంకు పిల్లవాడు. రెండోది ఎప్పుడూ పన్నెండో పదమూడో స్థానంలో ఉండే అమ్మాయి.

ఆ అమ్మాయే మరునాడు ఇంకో ప్రశ్న తెచ్చింది. "సార్, మనం వేరే సగలోనే పెళ్లి చేసుకుంటాం కదా. మరి మనకు ఈ జబ్బు రాకూడదు కదా?"

గోండుల్లో నాలుగు దేవతల, ఐదు దేవతల, ఆరు దేవతల, ఏడు దేవతల సగలున్న సంగతి, ఒకే సగవారు అన్నదమ్ముల వరస కనుక పెళ్లి కుదరదన్న సంగతి మన పాఠకులకు చెప్పనవసరం లేదు. ఆ అమ్మాయి ఆ కట్టుబాటునూ మెండల్ పట్టికనూ ఎదురెదురుగా పెట్టింది. ఆ ప్రశ్నకు జవాబు కనుక్కోవడానికి తరగతికి మూడు రోజులు పట్టింది. దగ్గరి రక్తసంబంధంలో పెళ్లయితే ఇద్దరిలోనూ ఒకే జన్యువు ఉండే అవకాశం ఎక్కువన్నది నిజం. కానీ సగ తండ్రి వైపునుంచి వస్తుంది, జన్యువు ఇద్దరి వైపునుంచీ వస్తుంది. మేనమామ కూతురు వేరే సగ, పెళ్లి కుదురుతుంది, అయినా రక్తం దగ్గరిదే. పైగా ఎన్నో తరాల క్రితమే ఆ జన్యువు అన్ని సగల్లోకీ చేరి ఉంటే, వేరే సగ అయినంత మాత్రాన కార్డు చూసుకోకుండా ఉండటానికి వీల్లేదు. ఈ చివరి మాట పిల్లలే అన్నారు. తర్వాత ఇంకొకరు, ఇంత చెడ్డ జన్యువు ఇన్ని తరాలు ఎందుకు మిగిలింది, పోవాలి కదా అని అడిగారు. దాంతో మలేరియా సంగతి వచ్చింది. వాహకులకు తీవ్రమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుంది. అందుకే మలేరియా ఎక్కువగా ఉన్న అడవి ప్రాంతాల్లో ఆ జన్యువు నిలబడింది. ఇంటర్‌లో బైపీసీ వారు కూడా తడుముకునే ప్రశ్న అది. జీవశాస్త్రం, గణితం, సాంఘికం, మన ఆచారం అన్నీ ఒక పదో తరగతి గదిలో కలిశాయి. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు, డిజిటల్ బోర్డు అక్కర్లేదు.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఎవరి కార్డులో ఏముందో తరగతిలో బయటపెట్టకూడదు. లెక్కలో వచ్చే కుటుంబం ఊహా కుటుంబమే కావాలి. ఇది తెలియని ఉత్సాహవంతులైన సార్లు కొందరు ఉంటారు కనుక చెబుతున్నాం.

సాంఘిక శాస్త్రంలో ఇలాంటి ప్రశ్నలు వెతుక్కోనక్కర్లేదు, మన కాళ్లకే తగులుతుంటాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగాయి. చనిపోయినవారు 13 మంది అని ప్రభుత్వం చెప్పింది. హక్కుల సంఘాలవారు అరవై దాకా చెప్పారు. తొమ్మిదో తరగతి పిల్లలకు మనం సాధారణంగా ఏం చేస్తాం? స్తూపం దగ్గరికి తీసుకుపోతాం, నివాళి అర్పిస్తాం, వ్యాసరచన పోటీ పెట్టి జ్ఞాపిక ఇస్తాం. నివాళి అవసరమే. కానీ చురుకైన పిల్లకు అక్కడ ఆలోచించే పని ఏముంది? రెండు అంకెలు ఎందుకు వేరుగా ఉన్నాయన్నది అసలు ప్రశ్న. ఎవరు లెక్కపెట్టారు, ఎప్పుడు లెక్కపెట్టారు, ఆసుపత్రికి చేరినవారినే లెక్కపెట్టారా, అడవిలోకి పారిపోయి అక్కడ పోయినవారిని ఎవరు లెక్కపెడతారు, బతికినవారు పేర్లు చెప్పడానికి భయపడ్డారా? ఒక్కో ప్రశ్నకు గూడెంలో పెద్దవాళ్ల దగ్గరికి పోవాలి, వాళ్లు చెప్పేవి ఒకదానితో ఒకటి పొసగకపోతే ఏం చేయాలో ఆలోచించాలి. చరిత్ర రాసేవారు చేసే పని అదే. మన పిల్లలకు ఆ పని చేతనవుతుందని నమ్మకపోవడం వల్లే వ్యాసరచన పోటీతో సరిపెడుతున్నారని మా అనుమానం.

నాగోబా జాతర గురించి కూడా అంతే. పుష్య అమావాస్యనాడు కేస్లాపూర్‌లో మెస్రం వంశంవారు పూజ చేస్తారని ప్రతి పిల్లకూ తెలుసు. ఆ తేదీ ఒక ఏడాది జనవరిలో, ఇంకో ఏడాది ఫిబ్రవరిలో వస్తుంది. రంజాన్ అయితే ఎండాకాలం నుంచి జరిగి జరిగి చలికాలంలోకి పోతుంది. జాతర ఎందుకు వానాకాలంలోకి జరగదు? చంద్రుడి పన్నెండు నెలలకు 354 రోజులు, సూర్యుడి ఏడాదికి 365, తేడా పదకొండు రోజులు, మధ్యలో అధికమాసం. ఆరో తరగతి పిల్లలు క్యాలెండర్లు ముందేసుకుని తేల్చుకోగలిగిన సంగతి ఇది.

భాషల దగ్గరికి వస్తే మాకు కొంచెం కోపం కూడా వస్తుంది. రాత్రి హాస్టల్లో దీపాలార్పాక గంటసేపు కథ చెప్పి నలభై మందిని నవ్వించే పిల్లకు తెలుగులో ఇరవైకి తొమ్మిది వస్తాయి. ఎందుకంటే ఒత్తులు తప్పు, దీర్ఘాలు తప్పు. ఒత్తులు దిద్దాలి, కాదనం. కానీ ఆ పిల్లకు భాషలో అసాధారణమైన శక్తి ఉందని మార్కుల రిజిస్టరులో ఎక్కడా రాయడానికి గడి లేదు. రెండు మూడు భాషల మధ్య రోజూ తిరిగే పిల్లలకు అనువాదం కంటే మంచి కసరత్తు ఉండదు. ఇంగ్లీషు పాఠంలో "వి" అనే మాట వస్తుంది. దాన్ని మేము అనాలా, మనం అనాలా? ఎదుటివారిని కలుపుకుని మాట్లాడుతున్నారా, వదిలేసి మాట్లాడుతున్నారా అన్నది ఇంగ్లీషు చెప్పదు, హిందీలోని "హమ్" కూడా చెప్పదు. తెలుగు చెబుతుంది. మీ ఇంటిభాష చెబుతుందా, ఎలా చెబుతుంది? ఒక పాఠంలోని ప్రతి "వి"ని తీసుకుని ఏది మేమో ఏది మనమో కారణంతో తేల్చమంటే ఏడో తరగతి పిల్లలు గంటసేపు వాదించుకుంటారు. గుంజాలలో దొరికిన గోండి రాతప్రతుల లిపికి 2018లో యూనికోడ్‌లో చోటు దొరికింది. ఆ అక్షరాల పట్టిక గోడకు అంటించి, పక్కన నాలుగు వాక్యాలు రాసి, ఏం రాసి ఉందో కనుక్కోండి అని వదిలేస్తే చాలు. మొదట చదివేది ఎవరో మీరు ముందుగా చెప్పలేరు.

ఇవన్నీ ఇంటిభాషలో నడవాలి. ఈ మాట కొత్తది కాదు. 1943లో మర్లవాయిలో హైమండార్ఫ్ చొరవతో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం పెట్టినప్పుడు గోండిలోనే వాచకాలు తయారుచేశారు. సవర పిల్లల కోసం గిడుగు రామమూర్తి పంతులు అంతకంటే ముందే సవర నేర్చుకుని పుస్తకాలు రాశారు. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో ప్రాథమిక బోధన మొదలుపెట్టారు. ఈ ప్రయత్నాలన్నిటిలో ఇంటిభాషను మెట్టుగా చూశారు, చిన్న తరగతుల్లో తెలుగులోకి ఎక్కించడానికి. చురుకైన పిల్లలు లోతుగా ఆలోచించడానికి ఆ భాష పెద్ద తరగతుల్లో కూడా కావాలన్న ఆలోచన ఎక్కడా బలంగా కనిపించదు. మా అమ్మాయి సగ గురించి అడిగిన ప్రశ్న, గోండి తెలియని సార్ అయితే అడిగేదే కాదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో నంబరు 3ను 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కొట్టేసినప్పుడు మనం ఉద్యోగాల గురించే ఎక్కువ మాట్లాడాం. అది న్యాయమే. తరగతిలో పిల్ల ప్రశ్నను విని అర్థం చేసుకునేవారు ఎవరన్నది కూడా దాంట్లో ఉన్న విషయమే.

ఎంపికైన పిల్లల మాట కూడా చెప్పాలి. ఎంపికై ప్రత్యేక కళాశాలలకు, నవోదయకు, ఏకలవ్యకు పోయిన మన పిల్లలు అక్కడ పొద్దున ఐదింటినుంచి రాత్రి పదింటిదాకా జేఈఈ, నీట్ ప్రశ్నలు చేస్తారు. డాక్టర్లు, ఇంజనీర్లు మనకు కావాలి, వారిని చూసి సంతోషించనివారు ఎవరుంటారు? మా ఫిర్యాదు వేరే. ప్రతిభ అంటే ఆ రెండు పరీక్షలే అని మన యువకులు కూడా నమ్మేశారు. ఒక పిల్ల చరిత్రలో చురుకు, ఇంకో పిల్లవాడు కీక్రి వింటూ ప్రధాన్ తాత పాడే వంశావళిని ఒక్కసారికే అప్పజెబుతాడు. వాళ్లను తెలివైన పిల్లలు అని ఎవరూ పిలవరు, కాలక్షేపం గాళ్లు అంటారు. మర్లవాయి కనకరాజు గుస్సాడి ఆటకు 2021లో, కోయ డోలి కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చినప్పుడు అందరం బడిలో చప్పట్లు కొట్టాం. ఇద్దరూ 2024లో కన్నుమూశారు. రామచంద్రయ్యకు నోటికి వచ్చిన కథలన్నిటినీ రాసుకోవడం, ఒక చోటి కథకూ ఇంకో చోటి కథకూ తేడా ఎక్కడ వచ్చిందో చూడటం తెలుగు, చరిత్ర, సంగీతం మూడింటిలోనూ గట్టి పని. ఆ పని ఏ ఇంటర్ పిల్లకూ ఎవరూ అప్పగించలేదు.

ఇక బడిలో ఏం చేయవచ్చు? ఎఫ్.ఎ.లో ప్రాజెక్టు పనికి మార్కులున్నాయి. ఆ ప్రాజెక్టులు చాలాచోట్ల స్టేషనరీ షాపులో చార్టుగా దొరుకుతాయి, లేదా ఒకరు రాస్తే ముప్పై మంది ఎక్కిస్తారు. చురుకైన పిల్లలకు చోటు చేయడానికి కొత్త పథకం ఏదీ రానక్కర్లేదు, ఉన్న ఆ గడిని నిజంగా వాడుకుంటే చాలావరకు జరిగిపోతుంది. తునికాకు కట్టకు 50 ఆకులు, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. ఒక్క బ్యాగుకు 50,000 ఆకులు. ఒక ఇంట్లో ముగ్గురు పొద్దున నాలుగు గంటలు కోస్తే ఒక్కొక్కరు నిమిషానికి ఎన్ని ఆకులు, కట్ట కట్టే సమయం కలిపితే గంట కూలి ఎంత, ఆ కూలి ఉపాధి హామీ కూలికి ఎక్కువా తక్కువా? ఇప్పపువ్వు కిలో తెచ్చి రోజూ తూచి, ఎన్ని రోజులకు బరువు తగ్గడం ఆగిందో గ్రాఫు గీస్తే, ఎంత ఎండిన పువ్వును ఏ ధరకు అమ్మితే నష్టం లేదో తెలుస్తుంది. ఇవి షాపులో దొరికే చార్టులు కావు. ఒకరిది చూసి ఇంకొకరు ఎక్కించడానికి లేదు, ఎందుకంటే ఒక్కో ఇంటి లెక్క ఒక్కో రకం.

తెలిసినదాన్ని మళ్లీ మళ్లీ చేయించకపోవడం ఇంకో పని. పాఠం మొదలుపెట్టే ముందే ఆ పాఠం చివర్లోని ఐదు లెక్కలు ఇవ్వాలి. చేసేసిన పిల్ల మిగిలిన అభ్యాసాలు చేయనక్కర్లేదు, ఆ వారం ఆమెకు వేరే ప్రశ్న. నోటుబుక్కులో అభ్యాసాలన్నీ లేవని తనిఖీకి వచ్చినవారు అడిగితే, చూపించడానికి ఆ ఐదు లెక్కల కాగితం దాచి ఉంచాలి. తనిఖీ వారితో ఈ వాదన ఒకసారి పెట్టుకోవలసి వస్తుంది, పెట్టుకోవాలి.

బోర్డు మూలన వారానికి ఒక ప్రశ్న రాసి ఉంచడం అందరికీ సాధ్యమే. మార్కులు లేవు. ఏ భాషలోనైనా చెప్పవచ్చు, రాయలేనివారు నోటితో చెప్పవచ్చు, ఇంట్లో అడిగి రావచ్చు. ఏ ప్రశ్నకు ఎవరు లేచారో ఒక నోటుబుక్కులో రాసుకుంటూ పోవాలి. ఏడాది తిరిగేసరికి ఆ పుస్తకంలో కనిపించే పేర్లు ర్యాంకుల జాబితాలోని పేర్లు కావని మా అనుభవం. ఒకే పేరు అన్ని సబ్జెక్టుల్లోనూ రాదు. బుట్ట ప్రశ్నకు లేచినవాడు ఇంద్రవెల్లి ప్రశ్నకు నిద్రపోయాడు. అలాగే ఉండాలి కూడా.

సార్‌కే జవాబు తెలియని ప్రశ్నలు వస్తాయన్నది చాలామంది భయం. వస్తాయి. ఈ ఏడాది ఎనిమిదో తరగతి పిల్ల ఒకతె, ఇప్పపువ్వు రాత్రిపూటే ఎందుకు రాలుతుందని అడిగింది. గబ్బిలాలు రాత్రి వస్తాయి కనుక పువ్వు రాత్రి విచ్చుకుంటుందని పుస్తకంలో దొరికింది. పని అయిపోయిన పువ్వు రాలేది తెల్లవారుజామునే ఎందుకన్నది అక్కడ దొరకలేదు. ఆ పిల్ల మార్చిలో చెట్టు కింద గంట గంటకూ లెక్కపెడతానంటోంది, తోడు వాళ్ల అవ్వ వస్తుందట. గడియారం, టార్చిలైటు మేము ఇస్తున్నాం.